ఆమె ఎడమ చెయ్యి

ఆమె పోయిందని నాకు మదనపల్లె బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు దూదేకే సాయిబు. పరుపుల దూది ఏకే పెద్ద విల్లు భుజానికి తగిలించుకుని నా ఎదురుగా వచ్చి నిలబడి, "నన్ను గుర్తుపట్టినావా శెట్టీ? ఆయమ్మ గిటారుకు నరాలు నేనే కదా ఇస్తాంటిని" అన్నాడు. తర్వాత ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా, "కుప్పంలో పొయిందంట ఆయమ్మ. సుకంగా గూడా పోలేదంట, మంచంలో శానా దినాలు పీక్కున్యాదంట" అన్నాడు.

అయ్యో అనాలి. నేను అనలేదు. "గిటారు ఏమైంది?" అని అడిగాను.

"పెట్టెలో ఆయమ్మ పక్కనే పెట్టి పూడ్సినారంట. ఎవురికీ ఇయ్యొద్దని ముందే సెప్పి పెట్టిండాదంట."

బతికినన్నాళ్ళు ఎవరికీ ఏమీ ఇవ్వని మనిషి పోయేటప్పుడు మాత్రం ఎందుకిస్తుంది? తెల్లదొరలు దేశం విడిచిపోయిన కొత్తలో ఆమె నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఇంటికి తాళం వేసుకుని మదనపల్లె నుంచి కుప్పం వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు. సాయిబు విల్లు ఇంకో భుజానికి మార్చుకుంటూ, "నువ్వు ఇంకా వాయిస్తాండావా శెట్టీ?" అన్నాడు. లేదన్నాను. ఎందుకని అడగబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

పుంగనూరు బస్సెక్కి కూర్చున్నాక నా కుడి చేతి గోళ్ళు చూసుకున్నాను. చర్మం దాకా తీసి ఉన్నాయి. గోళ్ళు తీసుకునేటప్పుడు ఎవరైనా ఏ చెయ్యి ముందు తీసుకుంటారో నాకు తెలీదు. నేను మాత్రం కుడి చేతివే ముందు తీస్తాను, కాస్త తెల్లగా కనబడితే చాలు తీసేస్తాను. ఆ అలవాటు ఆమె చేసింది.

ఆమెది కుప్పం. క్రైస్తవుల పిల్ల. చిన్నప్పుడు కోలారు బంగారు గనుల్లో ఒక ఇటలీ దొరసాని ఇంట్లో పిల్లల్ని ఆడించే పనికి కుదిరి, ఆ దొరసాని దగ్గర గిటారు నేర్చుకుంది. తర్వాత ఒక రైలు గార్డును పెళ్ళి చేసుకుంది. అతను పోయాక, గాలి మంచిదని ఎవరో చెబితే మదనపల్లె వచ్చి, బెంగళూరు రోడ్డు పక్క సందులో ఒక పెంకుటింట్లో ఉండేది. ఆమె గురించి నాకు తెలిసింది ఇంతే. నా గురించి ఆమెకు ఇంత కూడా తెలీదు. నా పేరు ఎప్పుడూ అడగలేదు. ఎవరైనా ఇంటికి వచ్చి ఈ పిల్లోడు ఎవరమ్మా అంటే, "ఈ సెయ్యా? పుంగనూరిది" అనేది. మొదట్లో అది వేళాకోళం అనుకుని నవ్వేవాణ్ణి.

యుద్ధం రోజులవి. మాకు పుంగనూరులో బట్టల అంగడి. నేను మదనపల్లెలో గది తీసుకుని కాలేజీలో చదువుతుండేవాణ్ణి. ఒక సాయంత్రం ఆ సందులో నడిచి వస్తుంటే పెంకుటింట్లోంచి వాయిద్యం వినబడింది. కింద బరువుగా ఒక పాట నడుస్తోంది, పైన తేలిగ్గా ఇంకో పాట నడుస్తోంది. రెండూ ఒకదాన్నొకటి అడుగుతున్నాయి, జవాబు చెప్పుకుంటున్నాయి. లోపల ఇద్దరు కూర్చుని వాయిస్తున్నారనుకున్నాను. ప్రహరీ గోడ మీదినుంచి మెడ సాచి చూస్తే కిటికీ పక్కన ఆమె ఒక్కతే ఉంది. ఎడమ కాలు కింద పీట, తొడ మీద గిటారు. బొటనవేలు కింది పాట వాయిస్తోంది, మిగతా వేళ్ళు పై పాట వాయిస్తున్నాయి. ఒక్క మనిషి తనొక్కడే కూర్చుని ఇద్దరుగా పలకవచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. నేనూ అలా వాయించాలి, ఎవరి తోడూ లేకుండా ఒక్కణ్ణే వాయించాలి, అదీ ఆ పాటనే వాయించాలి అని ఆ గోడ దగ్గరే నిశ్చయించుకున్నాను. ఇరవై ఏళ్ళవాడికి అలాంటి నిశ్చయాలకు పెద్దగా సమయం పట్టదు.

ధైర్యం చేసి తలుపు తట్టేసరికి ఒక వేసవి గడిచిపోయింది. సెలవులకు పుంగనూరు వెళ్ళి వచ్చేలోపల ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. అది ఒళ్ళో ఇంకెవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులాగా పడి ఉండేది. గిటారు గోడకు ఆనించి ఉంది. నేర్చుకోవాలని ఉందమ్మా అన్నాను. నాకు పాట వచ్చా, చెవి ఉందా, ఇంట్లో ఒప్పుకుంటారా, ఏమీ అడగలేదు.

"ఎడమ సెయ్యి సూపీ" అంది.

చూపించాను. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూసింది. చిటికెన వేలు పట్టుకుని నేను అమ్మా అనేదాకా వెనక్కి వంచింది. "రేపట్నించి రా" అంది.

అదే వారంలో మా కాలేజీ లెక్చరర్ ఒకాయన కూడా నేర్చుకుంటానని వచ్చాడు. ఆయన చేతిని ఇలాగే తిప్పి తిప్పి చూసి, "ఈ ఏళ్ళా అప్పా? ఊరేసుకుంటే బాగుంటాయి" అని పంపేసింది. ఆయన పొట్టి వేళ్ళు జేబులో పెట్టుకుని వెళ్ళిపోతుంటే నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఆయన్ని కాదని నన్ను ఎంచుకుంది కదా అనుకున్నాను. సంతలో ఎద్దును కూడా ఎంచుకునే కొంటారు.

ఆమె పాఠం చెప్పే తీరు ఇది. గిటారు ఆమె ఒళ్ళోనే ఉంటుంది. నేను ఆమెకు ఎడమ పక్కన కాస్త వెనగ్గా పీట మీద కూర్చుంటాను. నా ఎడమ చెయ్యి గిటారు మెడ మీద ఉంటుంది, తీగలు ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కడం నా పని. తీగలు మీటేది ఆమె కుడి చెయ్యి. నా కుడి చెయ్యి నా మోకాలి మీద ఊరికే ఉంటుంది. ముందు ఎడమ చెయ్యి, అది పండాక కుడి చెయ్యి, ఇదీ పద్ధతి అంది. పద్ధతి అంటే నమ్మడం మా ఇంట్లో పెంచిన పెంపకం. అంగడిలో కూడా నాకు మొదటి ఏడాదంతా గుడ్డలు మడవడమే నేర్పారు, గజంబద్ద ముట్టనివ్వలేదు.

తప్పు నొక్కితే ఆమె తిట్టదు. మీటే బొటనవేలి గోటినే నా ముంజేతిలో గుచ్చుతుంది. ఆమె కుడి చేతి గోళ్ళు పొడుగ్గా, అంచులు నున్నగా ఉండేవి. వాటిని నున్నగా చేసేది నేనే. ఆమెకు రెండో చెయ్యి లేదు కదా. అగ్గిపెట్టె పక్కనుండే గరుకు పట్టీ మీద ఆమె వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని గోరు అంచు గుండ్రంగా అరగదీసేవాణ్ణి. నా చేతిని కోసే కత్తికి నేనే సాన పట్టేవాణ్ణన్నమాట. అది పూర్తయ్యాక ఆమె చిన్న కత్తెర తీసుకుని నా కుడి చేతి గోళ్ళు తీసేది. ఎడమ చేతివి నన్నే తీసుకోమనేది. కుడి చేతివి మాత్రం తనే తీసేది, చర్మం దాకా, ఒక్కోసారి చర్మంతో సహా.

"మీకు గోళ్ళు కావాలి కదమ్మా, మీటేదానికి. మరి నాకు?" అని ఒకసారి అడిగాను.

"నీది అన్నం తినే సెయ్యి అప్పా. గోళ్ళు పెంచుకోని సంగటి పిసుకుతాంటే మీ యమ్మ ఇంట్లోకి రానిస్తాదా? టయిం వస్తే పెంచుదాం లే."

మా అమ్మకు ఈ సంగతి చెబితే ఆమె మీద గౌరవం పుట్టింది. కిరస్తానం అయినా ఎంత శుభ్రం చూడు అంది. అన్నం తినే చేతికి గోళ్ళుండడం మా ఇళ్ళల్లో ఎంత అసహ్యమో ఆమెకు బాగా తెలుసు. మా అమ్మ పండక్కి కజ్జికాయలు కట్టి ఆమెకు పంపింది కూడా.

గిటారు తీగలు అప్పట్లో మేక పేగుతో చేసేవాళ్ళు. యుద్ధంలో గాయాలు కుట్టడానికి ఆ పేగు దారమే కావాలని దొరలు తీసుకోవడంతో మద్రాసు నుంచి తీగలు రావడం నిలిచిపోయింది. ఆమె దూదేకే సాయిబును పిలిపించి, అతని వింటికి కట్టే పేగు నరమే సన్నంగా పేనించుకుంది. నేను పుట్టిన దగ్గర్నుంచి కోడిగుడ్డు కూడా ముట్టని ఇంటివాణ్ణి. ఆ తీగలు పట్టువనుకున్నాను. ఏడాది పైగా వాటి మీదే వేళ్ళు పెట్టి, ఇంటికిపోయి అదే చేత్తో దేవుడికి పూలు పెట్టాను. ఒకరోజు ఆమె నన్ను పెరట్లోకి పిలిచింది. సాయిబు ఇత్తడి బేసిన్‌లో పేగులు కడుగుతున్నాడు. నా ముఖం తెల్లబోవడం ఆమె తీరిగ్గా చూసింది.

"యాల అట్ల సూస్తావు? ఇన్నాళ్ళూ నీ ఏళ్ళ కింద అరిసింది మేకపోతే కదప్పా. బాగుందంటివే" అంది.

నేను గోడ పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాను. నోరు కడుక్కుని వచ్చేసరికి ఆమె గిటారు ఒళ్ళో పెట్టుకుని నా పీట వైపు చూస్తోంది. కూర్చున్నాను. ఆరోజు ఒక్క తప్పూ నొక్కలేదు. ఏడవాలో కోపం తెచ్చుకోవాలో తెలియనప్పుడు మనిషి పని బాగా చేస్తాడని ఆమెకు ఎవరు చెప్పారో.

ఆ రెండో ఏడు నా చదువు చెడింది. పరీక్ష పోయింది. మా నాయన అంగట్లో కూర్చోమని కబురు పంపాడు. ఆ మాట చెబితే ఆమె, "ఉగాదికి కుడి సెయ్యి మొదలు పెడదాం అనుకుంటి. సరే, పో" అంది. నేను పోలేదు. ఉగాది వచ్చింది, వెళ్ళింది. అడిగితే, "ఎడమ ఇంగా పండలేదు" అంది. నిజానికి అప్పటికి నా ఎడమ చెయ్యి నాకంటే ముందు నడిచేది. గోడ దగ్గర విన్న ఆ పాట మొత్తం మేమిద్దరం వాయించేవాళ్ళం. సందులో పోయేవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. దాని పేరేమిటని అడిగితే, పేరుతో నీకేం పని అంది. నేను మోకాలి మీది కుడి చెయ్యి వైపు చూసుకుని ఇంకొంచెం ఓపిక పట్టు అనుకునేవాణ్ణి.

ఆ ఏడు క్రిస్మస్‌కు కుప్పం వెళ్దాం రమ్మంది. అక్కడి రైల్వే వాళ్ళు, ఆమె భర్తతో పనిచేసినవాళ్ళు, ఆమె ఆడబిడ్డలు అందరూ ఒకచోట చేరతారు. తను వాయిస్తానని కబురు పెట్టింది. తన చెయ్యి పడిపోయిందని మాత్రం వాళ్ళకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఆరోజు ఉదయం అర్థమైంది. కుప్పంలో మేం దిగిన ఇంట్లో ఆమె తన భర్త మంగలికత్తి తీసి, నా ఎడమ చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, మోచేతి నుంచి వేళ్ళ దాకా వెంట్రుకలు గొరిగింది. పౌడరు రాసింది. తన లేసు జాకెట్టుకు సరిపోయే చెయ్యి ఒకటి విడిగా కుట్టించి తెచ్చింది. దాన్ని నా చేతికి తొడిగింది. తన పెళ్ళి ఉంగరం తీసి నా వేలికి పెట్టింది.

"కదలాకు" అంది, అంతే.

హాల్లో ఆకుపచ్చ తెర ఉంది. ఆమె తెరకు ఆనుకుని కుర్చీలో కూర్చుంది. పడిపోయిన చెయ్యి శాలువా కింద దాచింది. నేను తెర వెనక పీట మీద కూర్చుని, తెర చీలికలోంచి లేసు తొడిగిన చెయ్యి బయటకు పెట్టాను. నాకు జనం కనబడరు. నేను జనానికి కనబడను. చెయ్యి మాత్రమే కనబడుతుంది. అది ఆమె చెయ్యే.

వాయించాం. అంత బాగా మేం ఎప్పుడూ వాయించలేదు. చప్పట్లు చాలాసేపు మోగాయి. తెరకు అవతల ఒక ఆడమనిషి, "సెయ్యి పడిపాయ అని ఎవురో సెప్పిరే, సూడు ఎంత బాగుండాదో" అంటోంది. ఆమె గోరు లేసు మీద ఒకసారి తట్టింది. గుచ్చలేదు. ఆమె నన్ను మెచ్చుకున్నది జీవితంలో అదొక్కసారే. ఆ మెప్పు కూడా ఆ లేసుకో, నాకో తెలీదు.

అందరూ టీలకు లేచినప్పుడు ఒక ఇంజన్ డ్రైవరు కోటు తగిలించడానికి తెర వెనక్కి వచ్చాడు. లేసు చేత్తో పీట మీద కూర్చున్న నన్ను చూసి కాసేపు ఏమీ అర్థం కాక నిలబడ్డాడు. అర్థమయ్యాక నోటికి కోటు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"ఎవురప్పా నువ్వు?"

"నేర్చుకుంటాండాను సార్. ఆమె దగ్గిర" అన్నాను.

"ఏం నేర్సుకుంటాండావు?"

"గిటారు. ముందు ఎడమ చెయ్యి. అది అయినాక కుడి చెయ్యి."

అతను నవ్వు ఆపాడు. నాకూ కొద్దిగా వస్తుంది, సిలోన్‌లో నేర్చుకున్నాను అన్నాడు. నా కుడి చెయ్యి పట్టుకుని గోళ్ళు చూశాడు. "ఎన్నాళ్ళయింది?" అన్నాడు. చెప్పాను. "మొదటి దినమే రెండు సేతులూ పెట్టాల అప్పా. పసిపిల్లోనికి గూడా అట్లే నేర్పేది. ఒక సెయ్యి నేర్పేది అని యాడా లేదు. ఆయమ్మ నీకేం నేర్పల్యా. నిన్ను తొడుక్కున్యాది, అంతే" అన్నాడు. మళ్ళీ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బయట ఎవరికీ చెప్పలేదు. అంతటి నవ్వును ఎలా దాచుకున్నాడో.

తిరుగు ప్రయాణం బొగ్గు బస్సులో. పెట్రోలు దొరక్క బొగ్గు పొగతో నడిచే బస్సులవి. పలమనేరు దాటి ఎత్తు ఎక్కలేక మూలుగుతుంటే, పక్కన కూర్చున్న ఆమెను అడిగాను.

"కుడి చెయ్యి నేర్పే ఉద్దేశం మీకు ఎప్పుడైనా ఉందా?"

ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పి ఉంటే నమ్మేవాణ్ణేమో.

"నేర్పితే ఏం సేస్తావు? నీ పాటికి నువ్వు పోతావు. నా ఎడమ సెయ్యి ఒకసారి పొయింది. రొండోసారి పోగొట్టుకుంటానా అప్పా? అంత పిచ్చిదాన్నా?"

"మరి నేను?" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అందులో కోపం లేదు, సిగ్గు లేదు, వెటకారం కూడా లేదు. నిజంగానే అర్థం కాలేదు ఆమెకు.

"నువ్వేంది?" అంది.

పుంగనూరులో బస్సు ఆగింది. దిగిపోయాను. ఉంగరం నా వేలికే ఉండిపోయిందని బస్సు కదిలాక చూసుకున్నాను. పగబట్టినట్టు అక్కడే కాలువలోకి విసిరేశాను. దానికి నేను ఎప్పుడూ బాధపడలేదు.

ఆమె లేకుండా నేర్చుకుంటాననుకున్నాను. బెంగళూరు నుంచి ఒక పాత గిటారు తెప్పించుకున్నాను. కుడి చేతికి గోళ్ళు పెంచాను. "అన్నం తినే సేతికి ఆ గోళ్ళేంది నాయినా" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది. నాకు విడిగా ఆకు వేసి, మూల కూర్చోబెట్టి పెట్టింది. అంగడికి వచ్చే ఆడవాళ్ళు బట్ట చూపిస్తుంటే నా గోళ్ళ వైపు చూసి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మా నాయన నాతో మాట్లాడడం మానేశాడు. అన్నీ పడ్డాను. పడలేనిది ఇంకొకటి. నా ఎడమ చెయ్యి కాలేజీ చదువు పూర్తి చేసింది, కుడి చెయ్యి అక్షరాలు దిద్దుతోంది. ఎడమ చెయ్యి ఆ పాట మధ్యలోకి వెళ్ళిపోయి అక్కడ నిలబడితే, కుడి చెయ్యి మొదటి తీగ కోసం వెతుక్కుంటూ ఉండేది. చిన్నపిల్లల పాఠాలతో మొదలుపెడదామంటే ఎడమ చెయ్యి ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడం దానికి ఆమె నేర్పింది. తీగ మీటగానే వచ్చే మోత వినలేక నేనే చెవులు మూసుకునేవాణ్ణి. రోజూ కూర్చున్నాను, రోజూ లేచిపోయాను. గోడ మీదినుంచి విన్న ఆ పాట నా వేళ్ళ కింద మొత్తం ఉంది. అయినా ఒక్క ముక్క బయటికి రాదు.

వానలు మొదలైనప్పుడు మదనపల్లె బస్సెక్కాను. ఆమెను తిట్టడానికే వెళ్తున్నాను అనుకున్నాను. దారంతా ఏమేమి అనాలో కూడబలుక్కున్నాను. అన్నీ మంచి మాటలే, గుచ్చుకునేవే.

తలుపు తెరిచే ఉంది. ఆమె కిటికీ పక్కన అదే కుర్చీలో కూర్చుని ఉంది. గిటారు ఒళ్ళో ఉంది గానీ తీగలు వదులైపోయి ఉన్నాయి. ఆమె కుడి చేతి గోళ్ళు ఎవరూ అరగదీసేవాళ్ళు లేక ఇష్టం వచ్చినట్టు పెరిగి, రెండు విరిగిపోయి ఉన్నాయి. అది చూసి నాకు సంతోషమేసింది. ఆ సంతోషం దాచుకోలేదు. ఆమె కూడా నా కుడి చెయ్యి చూసింది. ఎందుకు పోయావని అడగలేదు. ఎందుకు వచ్చావని అడగలేదు. ఉంగరం సంగతి కూడా అడగలేదు.

"పెంచినావే" అంది.

కిటికీ గట్టు మీదున్న కత్తెర అందుకుంది. పట్టుకుని ఊరికే ఉంది, రమ్మనలేదు. నేను దారంతా కూడబలుక్కున్న మాటల్లో మొదటిది గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. నా ఎడమ చేతి వేళ్ళు మాత్రం అప్పటికే తొడ మీద ఆ పాట నొక్కుతున్నాయి.

కుడి చెయ్యి చాపాను. బొటనవేలితో మొదలుపెట్టింది. ఆర్నెల్ల గోళ్ళు కింద బండల మీద పడ్డాయి. చిటికెన వేలు దగ్గర చర్మం తెగింది. అమ్మా అనలేదు.

పీట తెచ్చుకుని, ఆమె ఎడమ పక్కన కాస్త వెనగ్గా వేసుకుని కూర్చున్నాను.